అట్టముక్క మీద లెక్క

తోలోబెక్ ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని
కదిలే పన్నును ఊపినట్టు ఊపాడు.
టక్కుమంది.
"విన్నావా, బుర్మాకాన్?"

వినకేం. పియానోలు శ్రుతి చేసి బతికేదాన్ని.
పోయిన చలికాలం దొలోన్ కనుమ దిగుతున్నప్పటి నుంచీ
ఆ చప్పుడు నాతోనే తిరుగుతోంది.
అప్పుడు ఒంటరిది. ఇప్పుడు తోడు తెచ్చుకుంది.

నూనె మరకల అట్టముక్క మీద లెక్క రాశాడు:
షాక్ అబ్జార్బర్లు నాలుగు, బుష్‌లు, బాల్ జాయింట్లు,
విరిగిన స్ప్రింగు ఒకటి, అది నాకు తెలియనే తెలియదు.
పక్కనే, అడక్కుండానే,
నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన ఈ ఆడీకి
నారిన్ సంతలో ఎంతొస్తుందో కూడా వేశాడు.
ఆ అంకె చిన్నది.
"గుర్రమైతే ఈపాటికి కోసి వండుకునేవాళ్ళం,"
టీ పోస్తూ అన్నాడు. నవ్వలేదు.

పోయిన నెల అత్‌బాషీ బడిలో
ఎలకలు కొరికిన పియానో చూపించి
హెడ్మాస్టరు అడిగాడు: "దీనిమీద డబ్బు తగలెయ్యడం అవసరమా?"
తడుముకోకుండా చెప్పాను,
"లోపలి ఇనపచట్రం పగల్లేదు. మిగతావన్నీ మార్చుకునేవే."
నా కూలీ కూడా అందులోనే కలిపి చెప్పాను.

"చట్రం ఎలా ఉంది?" అని ఇప్పుడు నేనడిగాను.
స్క్రూడ్రైవరుతో కింద పొడుస్తూ వెళ్ళాడు.
గట్టి. గట్టి. ఇంకోచోట
తుప్పు పొడిపొడిగా అతని మొహం మీద రాలింది.
ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

"ముందువి వేసెయ్. స్ప్రింగు కూడా.
వెనకవి..."
"వెనకవి?"
"మంచు కరిగాక చూద్దాం."

సాయంత్రం ఇంటిదారిలో ముందు చక్రాలు
నోరు మూసుకుని నడిచాయి,
రాళ్ళ మీద కూడా.
ఆ నిశ్శబ్దంలో వినపడింది, వెనకసీటు కింద నుంచి,
కొత్తదేం కాదు,
ఇన్నాళ్ళూ ముందువాటి గోలలో కలిసిపోయినది.