గాలపు దారం

కరెంటు బిల్లుల వెనకవైపు తెల్లగా ఉంటుంది.
వంట సంగతులన్నీ అక్కడే రాసుకుంటాను.
కుతాయిసిలో కాగితం దొరక్క కాదు.
ముందువైపు అంకె చూసి మండిన కడుపు
వెనక్కి తిప్పితే కాస్త చల్లబడుతుందని.

ఫిబ్రవరి బిల్లు:
బీట్‌రూటు నీళ్లలో ఉడకబెట్టకు, సియాలా.
నీళ్లు ఎర్రబడి దుంప వెలవెలబోతుంది.
తొక్కతోనే ఓవెన్లో పెట్టి మర్చిపో.
వాసనే వచ్చి భుజం తడుతుంది.
అప్పుడు బొటనవేలితో తోస్తే చాలు,
తడిసిన చొక్కా విప్పినట్టు ఊడొస్తుంది.
ఆకులు పారేయకు. కాడలు కూడా.

మార్చి:
దురదగొండి లేతగా ఉన్నప్పుడే కోసుకోవాలి.
చేతులకి ఒతారి పాత మేజోళ్లు తొడుక్కో.
బొటనవేలి దగ్గర చిరుగుంది, చూసుకో.

(చూసుకోలేదు.
సాయంత్రం దాకా ఒకటే మంట.)

అక్రోట్లు నూరేటప్పుడు తొందర పనికిరాదు.
ముద్దని పిడికిట పట్టి పిండితే
వేళ్ల సందుల్లోంచి నూనె కారాలి.
కారలేదా, ఇంకా నూరు.
నీ చెయ్యి నొప్పెట్టిందా లేదా అన్నది
అక్రోటుకి అక్కర్లేని విషయం.

ఏప్రిల్ బిల్లు మీద దస్తూరీ నాది కాదు.
చేతికందిన కాగితం అదేనని
డాక్టరు దారేజాన్ దానిమీదే రాసిచ్చింది:
ఉప్పు, చిటికెడు.
చీజు, అగ్గిపెట్టంత.
నడక, రోజూ.

ఒతారి మూడూ చదివి
కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
గాలపు కర్ర తీసి బీరువా మీద పడుకోబెట్టాడు.
ఆ మాట ఆమె రాయలేదని నేను అనలేదు.
అనాల్సింది.

ఆ నెలంతా చప్పిడి తిండి.
మట్టికుండలో రాజ్మా ఉడుకుతుంటే
ఇద్దరం ఆసుపత్రి బల్లమీద కూర్చున్నట్టు కూర్చునేవాళ్లం.
పైవాటా నానులి తలుపు తోసుకొచ్చి చెప్పింది:
సులుగుని చీజుని రాత్రంతా మంచినీళ్లలో నానెయ్యి,
ఉప్పంతా నీళ్లకి వదిలేస్తుంది.
నానులి చెప్పినవాటిలో సగమే నమ్మాలి.
ఇది ఆ సగంలోది.

మే బిల్లు, మూలకి ఇరికించి రాసింది:
ఉప్పు లేచి వెళ్లిన కుర్చీలో పులుపుని కూర్చోబెట్టు.
పచ్చి ఆలూబుఖారా పచ్చడి, రెండు చెంచాలు.
ఎండు బంతిరేకల పొడి, సంతలో గేటు పక్క ముసలమ్మ దగ్గర.
(ఎదుటి కొట్లోది రంగే, వాసన లేదు.)
దానిమ్మ గింజలు చివర్లో, పొయ్యి ఆపాక.
ఒతారి గిన్నె అడుగు రొట్టెతో తుడిచాడు.
ఏమీ అనలేదు గానీ, తుడిచాడు.

ఇక అగ్గిపెట్టంత చీజు.
కత్తితో కోస్తే నాలుగు ముక్కలు.
నాలుగు ముక్కల్ని పళ్లెంలో చూసిన మనిషి మొహం
నేను రోజూ చూడలేను.
సొరుగులో బ్యాటరీలు వెతుకుతుంటే
గాలపు దారం ఉండ దొరికింది.
రెండు చేతుల మధ్య బిగించి లాగాను.
చీజుకి తెలియనే లేదు తెగినట్టు.
పదకొండు ముక్కలు!
ఒక్కోదాంట్లోంచి కిటికీ కనిపిస్తోంది.
పళ్లెం నిండిపోయింది.

అతను లెక్కపెట్టాడు. పదకొండు.
ఒక ముక్క వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.
పొయ్యి పక్క మేకుకి వేలాడుతున్న దారాన్ని చూశాడు.
"అది ట్రౌట్ చేపల దారం" అన్నాడు.
"కడిగాను" అన్నాను.

జూన్ బిల్లు ఇంకా రాలేదు,
అందుకే మే బిల్లు అంచునే రాస్తున్నా.
పొద్దున లేచేసరికి మేకు ఖాళీ.
బీరువా మీద దుమ్ములో
పొడుగ్గా ఒక గీత.
రియోని నది దాకా నలభై నిమిషాల నడక,
రానూ పోనూ ఎనభై.
మేజోళ్లు కూడా పట్టుకుపోయాడు, ఆ చిరుగువే.

మధ్యాహ్నం వచ్చాడు. చేప లేదు.
ముక్కు ఎర్రగా కమిలింది, ఆకలి మీదున్నాడు.

దారం అతని జేబులోనే ఉంది.
ఈ పూటకి చీజు కత్తితోనే కోశాను.
నాలుగు ముక్కలు, లావుగా.