చీకటి పడని చోటికి టార్చి

బూడో. నార్వేకి ఉత్తరపు కొస. జూన్ నెల.
రాత్రి పదకొండు దాటినా సూరీడు దిగడు,
సముద్రం గట్టున కూర్చుని కాళ్ళూపుకుంటుంటాడు.

సిగ్వే మొన్ననే మా స్కౌటు దళంలో చేరాడు.
ఎనిమిదేళ్ళు. మెడరుమాలు ముడి
ఇంకా గడ్డం దాకా ఎక్కుతూనే ఉంది.

శనివారం దీవిలో గుడారాలు.
చర్చి నేలమాళిగలో సంచులు విప్పించి చూస్తున్నాను.
ఉన్ని మేజోళ్ళు మూడు జతలు,
ఒక్కోదాని మీద వాళ్ళమ్మ కుట్టిన పేరు.
కత్తి ఒరలోనే ఉంది, మంచిది.
చెంచా ఉంది, పళ్ళెం మరిచాడు.
అన్నిటికీ అడుగున, టవల్లో చుట్టి,
టార్చి.
బ్యాటరీలు వేరే నాలుగు.

"చీకటే పడదు కదరా, ఇదెందుకు?"
ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపిన గొంతు నాది,
గోడలకి తగిలి తిరిగొచ్చింది.
పిల్లలు నవ్వారు.

వాడు నవ్వలేదు. నా చెవి దగ్గరికొచ్చి,
"నిద్రసంచి జిప్పు పైదాకా లాగితే
లోపల ఉంటుంది" అన్నాడు.

జాబితాలో ఆ వస్తువు లేదు.
పెన్సిలు నాలుక మీద తడిపి
పళ్ళేనికీ దోమల మందుకీ మధ్య ఇరికించి రాశాను.

ఆ రాత్రి, పట్టపగల్లాంటి రాత్రి,
అటక మీద పెట్టెలన్నీ దించాను.
నాదీ ఒకటి ఉండాలి, ఎక్కడో.