పొర తెగని నీరు

షెడ్డులోకి అడుగు పెట్టకముందే
తలకు గుడ్డ బిగిస్తాను.
కొబ్బరినూనె మానేసి ఇది మూడో ఏడు.
గోపాలపూర్ ఉప్పుగాలికి నా జుట్టు
పాత వల పీచైపోయిందని
అత్త రోజూ అంటుంది.

బల్ల మీద తమ్ముడి రెగ్యులేటరు
చేప పొట్ట చీరినట్టు విప్పి పెట్టాను.
స్ప్రింగు, పిస్టను, ఇత్తడి సీటు.
నల్ల రబ్బరు రింగులు పారేశాను,
వాటి బదులు వేసేవి వేరే రకం, ఖరీదు,
పాణిగ్రాహి బాబు లెక్కపెట్టి ఇస్తాడు.

ముందు వెనిగర్లో. పచ్చ చిలుము నురగై లేస్తుంది.
తర్వాత వేడి సబ్బునీళ్ళ తొట్టిలో.
చెవికందని మోతతో అది వణుకుతుంటే
సందుల్లోంచి మురికి పొగలా దిగుతుంది.
కడుగు. మళ్ళీ కడుగు.
అప్పుడు పైనుంచి మంచినీళ్ళు పోసి చూడు.
పరుచుకుని జారిపోతే సరే.
ఎక్కడైనా పొర తెగి
చేమాకు మీదలా బొట్టు నిలబడిందా,
అక్కడ నూనె ఉంది.
కంటికి తెలీదు. నీటికి తెలుసు.

వట్టి ఆక్సిజన్‌కి చిన్న మరక చాలు.
వాల్వు ఒక్క ఊపున తిప్పితే
గాలి తనలో తానే నలిగి వేడెక్కి
ఇత్తడి వత్తిలా అంటుకుంటుంది.
పనిలో చేరిన రోజు బాబు చూపించాడు
బరంపురం నుంచి తెచ్చిన వాల్వొకటి,
నల్లగా, నోరు తెరుచుకుని.
ఎవరిదని నేనడగలేదు.

మా ఇంట్లో నూనె కానిదేది?
నూనె కవళ్ళు వేగే పెనం,
తెప్పకు పూసే సొరచేప నూనె,
చంటిదాని మాడుకు ఆముదం.
పనికొచ్చేటప్పుడు పెద్దది మెడ వాటేసుకోబోతే
"ఒద్దే, ముట్టుకోకే" అన్నాను.
"మడి కట్టావేటే?" అని అత్త నవ్వింది.
ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు.
తను చేపల తట్ట దింపి వెళ్ళాక
గుమ్మం కడుక్కున్న ఇళ్ళు
వీధివీధినా ఆమెకు గుర్తు.

స్నేహమంటే నూనె అని కూడా అర్థమట,
ఇచ్ఛాపురం బళ్ళో మేష్టారు చెప్పారు.
మేం నమ్మలేదు.

తలుపులు మూసి ఊదా దీపం వెలిగించాను.
సీటు అంచున పాలనీలం మచ్చ, గోరంత.
చూస్తే తొడుగు వేలు చిరిగి ఉంది.
నా వేలిముద్రే.
పొద్దున్న ఆముదం రాసిన వేలు,
సుడులు కూడా లెక్కపెట్టొచ్చు.

రేపు ఎల్లాజీ ముప్పై బారల కింద
లంగరు గొలుసు చూడ్డానికి దిగుతాడు.
హీలియం పీల్చిన గొంతుతో
వైర్లోంచి చిలకలా "అక్కా" అంటాడు,
పడవలో అందరూ నవ్వుతారు.

మళ్ళీ మొదటినుంచి.
వెనిగరు. సబ్బునీళ్ళు. మంచినీళ్ళు.
సిలిండరు మీద తేదీ రాసి ఆకుపచ్చ కాగితం అంటించాను.
వాడికి చెప్పాలి, వాల్వు తిప్పేటప్పుడు
నిద్రపోయే పిల్ల గుప్పిట విప్పినట్టు తిప్పరా అని.

పోశాను. నీరు తెగలేదు.
నమ్మక
ఇంకో చెంబు పోశాను.