విప్పు

మిరప యార్డు వెనక, కోల్డ్ స్టోరేజీల రోడ్డులో మా ఆఫీసు.
ఏసీ ఉంది, తుమ్ములు ఆగవు.
ఏప్రిల్లో ఫైళ్ళ మధ్య కూడా ఘాటు నిద్రపోతుంటుంది,
కాగితం లాగితే లేస్తుంది.

నా పని ఉత్తరాలు చదవడం.
సరుకు డాకర్ రేవులో దిగుతుంది,
జవాబు ఫ్రెంచిలో వస్తుంది.
నాకొచ్చిన ఫ్రెంచి
బ్రాడీపేట నాలుగో లైన్లో, మేడమీద గదిలో
ఆరు నెలలు కట్టిన ఫీజంత.
నామవాచకాలు పర్లేదు, టిక్కీల్లా కదలకుండా కూర్చుంటాయి.
క్రియలే,
ఒక్కోటి నలభై వేషాల్లో వస్తుంది.
ఏ వేషం వెనక ఎవరో
తోక పట్టుకుని చెప్పాలి.

అందుకని నాగూల్‌మీరా ఒక పనిముట్టు రాసిచ్చాడు.
బొమ్మల్లేవు, బటన్లు లేవు.
నల్లటి తెర మీద ఒక తెల్ల గీత
రెప్పలా కొట్టుకుంటూ.
పేరు విప్పు.
"టిక్కీ మూతి కుట్టు లాగినట్టే అక్కా,
కొస దొరికితే మొత్తం ఊడొస్తుంది."
విప్పు అని కొట్టి పక్కన క్రియ పెడితే
ధాతువు ఒక వరసలో, కాలం ఒక వరసలో,
ఎవరు, ఎంతమంది, ఇంకో వరసలో.
ఒకసారి 'సుయి' అని పెట్టాను.
నేను ఉన్నాను, కావచ్చు.
నేను వెంట వెళ్తున్నాను, కావచ్చు.
రెండూ చూపించి ఊరుకుంది.
ఆ సాయంత్రం ఆ రెండు వరసల మధ్యే టీ చల్లారింది.

ఆ శుక్రవారం మాత్రం దాన్ని అడగలేదు.
కింద లారీ హారన్ కొడుతోంది.
రత్తయ్య గారు భుజం మీదుగా వంగి
"ఏమంటున్నాడు? ఇస్తాడా, ఇవ్వడా?"
ఉత్తరంలో ఉంది: ను పెర్యోఁ.
నేను చదివింది: ను పెరోఁ.
"ఇస్తామంటున్నారండీ."

ఆ మాట మెట్లు దిగి కాటా దగ్గరికి వెళ్ళింది.
అక్కడ ఇన్నారెడ్డి, ఫిరంగిపురం.
ఊరి పేరులో ఫిరంగి మిగిలింది గాని
ఒక్క ఫ్రెంచి క్రియా మిగల్లేదు.
నూట పన్నెండు టిక్కీల తేజ,
ఫిబ్రవరి నుంచి బాకీ.
"సోమవారం ఇస్తాంలే" అన్నారు రత్తయ్య గారు.
ఆయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

ఆదివారం రాత్రి, ఎందుకో, కొట్టి చూశాను.
ధాతువు: చెల్లించు.
పురుష: ఉత్తమ. వచనం: బహు.
భవిష్యత్తు ఉండాల్సిన చోట
చేదర్థకం.
ఇస్తాం కాదు.
ఇచ్చేవాళ్ళమే, ఫలానాది జరిగితే.
తేడా ఒక్క అక్షరం,
నెత్తిన మిరపగింజంత చుక్క ఉన్న సన్నటి గీత.
ఏది జరిగితే?
షరతు రెండో పేజీలో ఉండుంటుంది.
రెండో పేజీ స్కానులో రాలేదు.

పొద్దున రత్తయ్య గారికి చెప్పాను.
"ఒక్క గీతకే?" అని తుమ్మి
"ఆ ముక్క కింద అనకు" అన్నారు.
అప్పటికే ఇన్నారెడ్డి వచ్చి ఉన్నాడు,
సంచిలో అన్నం బాక్సుతో, సాయంత్రం దాకా ఉండేట్టు.
"ఇస్తాంలే" అన్నారీయన మళ్ళీ.

పైకొచ్చి ఆ మాటే కొట్టాను, తెలుగులో.
దొరకలేదు, అంది.
దాని తప్పేముంది?
ధాతువు ఇచ్చు, అంతవరకు నేనే చెప్పగలను.
చివర ఆ 'లే' ఉందే,
అది భవిష్యత్తుని భుజం తట్టి
బయటికి పంపి తలుపేస్తుంది.
ఏ వరసలో రాయాలి దాన్ని?
నాగూల్‌మీరాకి ఫోన్ చేస్తే నవ్వాడు.
"దానికి పట్టిక నేనెక్కడ తేను అక్కా,
మా నాన్న హమాలీ కూలికి పదేళ్ళు విన్నాడు ఆ మాట.
ఆయన్నడుగు."

మెట్లు దిగాను.
నేను తప్పు చదివాను, వాళ్ళు ఇస్తామనలేదు, అన్నాను.
గీత సంగతీ చెప్పాను, వేలితో గాల్లో గీసి,
పైన చుక్క పెట్టి.
ఆయన గీత ఉన్న చోటు కాసేపు చూశాడు.
"శుక్రవారమే చెప్తే బస్సు ఛార్జీ మిగిలేదమ్మా."
బాక్సు తెరవకుండానే సంచి భుజాన వేసుకుని
"సరే, వస్తా" అన్నాడు.

ధాతువు: వచ్చు.
పురుష: ఉత్తమ. వచనం: ఏక.
మనిషి గేటు దాటి, బస్టాండు వైపు
వెళ్తున్నాడు.