పేరు పక్కన కామా

నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి
సూర్ ఊరంతా తడి ఉప్పు వాసన.
పై బెర్తు ఎక్కి, దుప్పటి అడ్డం కట్టుకుని
లాప్‌టాప్ తెరిస్తే
ఎర్ర గుర్తు ఇంకా అక్కడే ఉంది,
మూడు వారాలుగా.

నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.
ఎక్కడో ఎవరో
తేదీలు లెక్కపెట్టే పాత పద్ధతి తీసేశారు.
దాని మీద ఆనుకుని ఉన్న నాది
గోడ జరిగిపోయిన నిచ్చెనలా నిలబడింది.

నాది అంటున్నాను గానీ, నాది కాదు.
ఇద్రీస్ రాశాడు. సూడాన్ మనిషి,
మా ప్లాంటులో మీటర్లు చూసేవాడు.
పగలంతా సముద్రంలోంచి ఉప్పు తీసే పని,
రాత్రిళ్ళు కూర్చుని
ఆ సముద్రం ఏ గంటకు ఎక్కుతుందో ఏ గంటకు దిగుతుందో
చెప్పే చిన్న ప్రోగ్రాం.
ముప్పై ఏడు అలల కూడిక.
చంద్రుడి వాటా ఇంత, సూర్యుడి వాటా ఇంత,
ఈ ఖాడీ మూతి ఇరుకు గనక ఇంత తరుగు.
ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు
అని పైన ఒక వాక్యం.
వీసా అయిపోయి వెళ్ళేరోజు
బూట్లూ రైస్ కుక్కరూ రఫీకుల్‌కిచ్చి
నాకు తాళాలిచ్చాడు.
తాళాలంటే సిగరెట్ అట్ట మీద
పెన్సిలుతో ఒక పాస్‌వర్డ్.

ఈ నెల దించుకున్నవాళ్ళు పదకొండు.
అందులో ఏడు యంత్రాలు,
కనబడిందల్లా దించుకునే రకం.
మిగిలిన నలుగురిలో ఒకణ్ణి నేను.

"గుడ్డి గుర్రానికి పండ్లు తోముతున్నవా భూమేశూ?
ఓవర్‌టైం చేసుకోరాదు,
గంటకు ఎనిమిది వందల బైసలు"
కింది బెర్తులోంచి పోశెట్టి.
నిజమే అనుకున్నాను. మూత వేసి పడుకున్నాను.
మూడు వారాలంటే అవే.

శుక్రవారం చేపలకని పోయాను.
ఐస్ ఫ్యాక్టరీ తలుపు మీద
టేపు ఊడుతున్న కాగితం ఒకటి.
రోజు, పోటు, ఆటు. అంకెలు అరబీవి.
అంకెలు చదవకముందే పోల్చాను:
ఎడమ పక్క రెండు ఖాళీలు ఎక్కువ,
ఇద్రీస్ చూడని, నేను చూసీ
దిద్దని తప్పు.

ప్రతి గంటా పెన్నుతో కొట్టేసి ఉంది,
పక్కన ఇంకో గంట.
ఐసు పారతో ఎత్తుతున్న ఖల్ఫాన్‌ని అడిగాను.
"మనవడు తీసే కాగితం. మూడు వారాలాయె,
నాలుగు గంటలు వెనక నడుస్తోంది.
తెల్లవారి నీళ్ళు చూసి నేనే దిద్దుతున్నా."
ఎవరికీ చెప్పలేదా?
"ఎవరికి? సముద్రానికా?"

ఆ ఎవరో నేనేనని చెప్పలేదు.
పేరు తెలియని చేప కిలో తీసుకుని బయల్దేరాను.
దారిలో పడవల దొడ్డి.
కొనేవాడు రాని పడవ ఒకటి దిమ్మెల మీద ఉంటే
ఒకాయన పైపు పట్టి పలకలు తడుపుతున్నాడు.
ఎండకు వదిలేస్తే ముడుచుకుని సందులు పడతాయట.
ఎన్నాళ్ళు తడుపుతావని అడగబోయి
నా చేతిలో చేప కారుతుంటే
నడిచాను.

ఆ రాత్రి పదకొండు లైన్లు.
నాలుగు గంటలు నాలుగు గంటల చోటికి వచ్చాయి.
ఎడమ పక్క రెండు ఖాళీలు మాత్రం ముట్టుకోలేదు.
తలుపు మీద నా మనిషిని పోల్చుకోవడానికి
ఇంకేం ఉంది నాకు?

పోశెట్టీ,
గుర్రం గుడ్డిదే.
పండ్లు మాత్రం ఇవాళ
బాగున్నాయి.

బాధ్యులు అనే వరసలో
ఇద్రీస్ పేరు తీయలేదు.
ఖార్తూం నంబరు మోగి రెండేళ్ళు.
దాని పక్కన నాది, శనిగారపు భూమేశ్.
నా వీసా మార్చి దాకా.
పేరు తర్వాత ఒక కామా పెట్టాను.

మళ్ళీ ఎర్ర గుర్తు.
వరస చివర కామా ఉండకూడదట,
ఇద్రీస్ పెట్టిన నియమమే.
ఫ్యాను చప్పుడు వింటూ కాసేపు చూశాను.

కామా ఉంచి
నియమం మార్చాను.