ముల్లు

సైకిలు వెనక కట్టుకొచ్చిన కాటాను
ప్రార్థన మందిరం దూలానికి వేలాడదీస్తాను.
నెలకో మంగళవారం.
మలావీ సరస్సు మీది గాలికి
మొదట అదే ఊగుతుంది, ఖాళీగా.
సున్నా దగ్గర ముల్లు వణుకుతుంటే
వేలితో ఆపి "రండమ్మా" అంటాను.

ఒక్కొక్కరే తెస్తారు.
కాళ్ళు రెండూ గుడ్డసంచి కన్నాల్లో దూర్చి
కొక్కేనికి తగిలిస్తే
ఒకడు నవ్వుతాడు, ఒకతె నా చొక్కా తడుపుతుంది,
ఒకడి కేకకి ఒడ్డున కొంగలు లేస్తాయి.
ఊగడం ఆగేదాకా నేను ఊపిరి తీయను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే కొలువు,
అయినా తీయను.

ఫానిజో కొడుకు యంఖో.
యంఖో అంటే మా మాటలో జవాబు.
దేనికి జవాబో ఎవరూ చెప్పలేదు.
ఆరో నెల దాకా వాడి గీత
కార్డు మీద గట్టెక్కే మేకపిల్ల.
ఆ తర్వాత
మేక ఎక్కడో మేత మరిచి నిలబడిపోయింది.
ఏడో నెల: ఆరు కిలోల తొమ్మిది వందలు.
ఎనిమిది: ఆరు కిలోల తొమ్మిది వందలు.
తొమ్మిది: రాసేముందు కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
అద్దాల తప్పు కాదు.

"ఏం పెడుతున్నావమ్మా?"
"జావ."
"ఎలాంటి జావ?"
ఫానిజో గిన్నె మూత తీసింది.
మొక్కజొన్న జావ, తెల్లగా, పలచగా,
గరిటెత్తితే నీళ్ళలా జారి
అడుగున నా ముఖం కనపడింది.
దాంతో కడుపు నిండుతుంది.
నిండిన కడుపు ఏడవదు.
ఏడవని బిడ్డ పెరుగుతున్నాడనే అనుకుంటుంది ఏ తల్లైనా.

ఆమె చేతుల నిండా చేప వాసన.
తెల్లారి పడవలు రాగానే
చిటికెన వేలంత ఉసిపా చేపల్ని
వెదురు తడికల మీద వెండిలా పరిచి
కాకుల్ని తోలి, తిప్పి, ఎండబెట్టి
బస్తాలకెత్తి పట్నం లారీకి వేస్తుంది.
ఆ తడికల నీడలోనే యంఖో అంబాడుతున్నాడు.
ఊరికి చేపలమ్మే ఇంట్లో
వాడి నాలుక మీద చేప పడలేదు ఇంతవరకు.

"ముల్లుంటుంది కదయ్యా" అంది.
అని, తల్లి వంక చూసింది.
ముసలి నసిబెకో మాట్లాడలేదు.
నేనింకా ఈ ఊరు రాకముందు,
ఫానిజో కంటే పైపిల్ల గొంతులో...
ఆ మాట పూర్తి చేసేవాళ్ళు లేరు ఊళ్ళో.

నాకు పాఠం వచ్చు.
పల్లీల పొడి, ఆకుకూర, నూనె చుక్క, చేప.
రంగుబొమ్మల పటం కూడా ఉంది సంచిలో.
తీయలేదు.
ఒక ముల్లుకి జడిసి
ఇంకో ముల్లు కదలడం లేదని
ఆమెతో ఏ నోటితో చెప్పను?

నసిబెకోనే లేచింది.
గుప్పెడు ఎండు చేపలు రోట్లో పోసి
దంచింది. చాలాసేపు.
నడుముకు చుట్టుకునే పాత చితెంజె గుడ్డలో జల్లించి
మళ్ళీ దంచి, మళ్ళీ జల్లించి
బూడిదంత మెత్తని పొడి
చిటికెడు తన నాలుక మీద వేసుకుంది.
కళ్ళు మూసుకుని వెతికింది.
ఒక మనిషి నాలుకతో
అంత జాగ్రత్తగా వెతకడం నేనెన్నడూ చూడలేదు.
ఏమీ దొరకలేదు కాబోలు,
తలూపింది.

ఈసారి జావ గరిటె నిలబడేంత చిక్కగా కాచారు.
యంఖో మొదటి ముద్ద ఉమ్మేశాడు.
రెండోదీ.
మూడోది బుగ్గన పెట్టుకుని
మా అందరి ముఖాలూ పరీక్షగా చూసి
మింగాడు.
అది కిందికి దిగేదాకా
నసిబెకో వాడి గొంతు మీద వేలు పెట్టి ఉంచింది.

పై నెల వానకి రోడ్డు తెగి వెళ్ళలేకపోయాను.
ఆపై నెల, సంచిలో బొంగరంలా తిరుగుతూ
నా కళ్ళద్దాలకి చెయ్యి చాచాడు.
మధ్యలో జ్వరం వచ్చి తగ్గిందట.
ఏడు కిలోలు, పైన ఒక్క గీత.
మేక రెండడుగులు వేసింది, అంతే.
చుక్క పెట్టి కార్డు చేతికిస్తే
చదువురాని నసిబెకో
ఆ చుక్క మీద వేలికొనతో నిమిరింది,
ఏదైనా గుచ్చుకుంటుందేమోనని.