బొమ్మకు మోకాళ్లుండవు

ఆ కుర్చీ వద్దు తియాగో, దానికి చేతులున్నాయి,
తొడల్ని కొరుకుతాయి.
ఇలా ఈ బెంచీ మీదికి రా.
నెలకో ఆదివారం ఈ డోనట్ల కొట్టు వెనక గదిలో
పదిమందిమి కలుస్తాం.
హామిల్టన్‌లో మంచు గట్టిగా పడితే ఆరుగురం.
కొట్టాయన మమ్మల్ని బౌలింగ్ జట్టు అనుకుంటాడు.
అనుకోనీ.

ఏదీ, ఆ ఫోన్ ఇలా ఇవ్వు.
బాగుంది బొమ్మ. ఎవరో ప్రేమగా గీశారు.
గది సగం నిండిన పొట్ట,
పైన పాతికేళ్ల నవ్వు, మెడ మాత్రం సన్నం.
వచ్చే వేసవికి ఇలా అవుతానా అని అడిగావు.
నేను నవ్వలేదు, గమనించావా?
నీ వయసులో నా దగ్గరా ఒక బొమ్మ ఉండేది,
పర్సులో మడిచి మడిచి
నడుము దగ్గరే చిరిగిపోయింది.

నేను పొట్ట అడిగాను.
ఒళ్లు నాకు భుజాలిచ్చింది.
గడ్డం కింద ఇంకో గడ్డం ఇచ్చింది.
వీపు మీద ఒక మడత ఇచ్చిందని
నాకు తెలియనే తెలియదు,
ఫెర్గస్ వేలు చెప్పింది.
ఒళ్లు చేయడం అంటాం గానీ
మనం చేసేదేం లేదు, తింటాం అంతే.
ఎక్కడ పెట్టుకోవాలో అది చూసుకుంటుంది,
మీ అవ్వనడిగి, వాళ్లమ్మనడిగి.
కొందరికి అసలు ఒంటబట్టదు.
అదుగో ఆ కిటికీ దగ్గర బార్నబీ,
ఆరేళ్లుగా తింటున్నాడు, నాలుగు కిలోలు.
సిగ్గుపడి రెండు చొక్కాలు వేసుకొస్తాడు.
మేం చూడనట్టుంటాం.

ఫొటోల సంగతి కూడా చెప్తా.
నా ఫొటోలో నేను ఊపిరి బిగబట్టి
పొట్ట ముందుకు తోస్తాను, దీపం కింద నుంచి.
క్లిక్‌మన్నాక వదిలేస్తాను.
ఆ వదిలేసిన పొట్టను ఎవరూ ఫొటో తియ్యరు.
రోజంతా నాతో ఉండేది మాత్రం అదే.

బొమ్మకు మోకాళ్లుండవు.
జూలైలో తొడల మధ్య ఒరుసుకుని
పౌడరు డబ్బా వెతుక్కోవడం ఉండదు.
బస్సులో పక్క సీటావిడ నిట్టూర్పు ఉండదు.
మరెక్ జగ్గుతో మీగడ తాగేవాడు, పందెం కట్టి.
ఫిబ్రవరిలో పిత్తాశయం తీసేశారు.
ఇప్పుడూ వస్తాడు, ఇప్పుడూ లావే,
పందేలు మాత్రం కట్టడు.
భయపెట్టడానికి కాదు ఇది.
రక్తపరీక్ష చేయించుకో,
డాక్టరమ్మతో అబద్ధం ఆడకు. అంతే.

ఇంకొకటి. దీన్ని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.
నాలుగేళ్ల కింద నాకు న్యుమోనియా వచ్చింది.
పంతొమ్మిది కిలోలు, ఏడు వారాల్లో.
ఇంటికొచ్చిన రాత్రి ఫెర్గస్ నన్ను చూసిన చూపు,
దొంగలు పడ్డ ఇంటిని చూసే చూపు.
మరుక్షణం దాచుకున్నాడు, పాపం.
వేణ్నీళ్లు పెట్టి వీపు రుద్దాడు.
అలవాటైన చోట చెయ్యి ఆగబోతే
ఆ చోటే లేదు.
ఏడాదంతా తచ్చాడింది ఆ చెయ్యి.
ఏమనుకున్నావు, నేనూ అద్దం ముందు
అలాగే తచ్చాడాను.
ఒక రాత్రి పొయ్యి దగ్గర బంగాళదుంపలు వేయిస్తూ అన్నాడు,
"లోర్నా, నేను కోరుకున్నదీ నువ్వూ
ఒకటే అనుకున్నాను ఇన్నాళ్లూ."
దుంపలు మాడాయి. అవే తిన్నాం.

బరువు మళ్లీ వచ్చింది, కొంత.
వేరే చోట్లకి.
అతని చెయ్యి కొత్త దారులు నేర్చుకుంటోంది,
కొన్నిసార్లు తప్పిపోతుంది కూడా.

ఆ బొమ్మ చెరిపేయకు, ఉంచుకో.
కోరికకి బొమ్మ కావాలి.
దాని కొలతలు తెచ్చి
నీ ప్యాంటు కుట్టించకు,
రేపు నీ పక్కకి వచ్చేవాడికి అసలే కుట్టించకు.

ఇదుగో మేపుల్ డోనట్. ఆకలుంటేనే.
బయటికి పద్నాలుగు మెట్లు,
ఏడో మెట్టు దగ్గర నేను ఆగుతాను.
నువ్వు కుర్రాడివి, ఎక్కేయ్.
ఆగుతావా? సరే,
ఆ సంచీ పట్టుకో.